గబ్బాలో అయిదు రోజులు, కాళేశ్వరం దారిలో మేము

జనవరి 14, 2021, గురువారం. హనుమకొండ

మా మేనమామ ప్రయాణానికి రెండే రెండు వస్తువులు ముందుగా సర్దుకున్నారు. ఒకటి సకినాల డబ్బా. రెండోది నీలం అట్ట వేసిన పాత నోటుబుక్కు. బట్టల సంచి సంగతి అత్తయ్య చూసుకుంది.

మామయ్య కాజీపేట జంక్షన్‌లో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్భై దగ్గర పడ్డాయి. "ఉత్తరాయణం రాగానే నన్ను కాళేశ్వరం తీసుకెళ్ళు అల్లుడా" అని దసరా నుంచి అడుగుతున్నారు. కరోనా భయంతో ఏడాదంతా ఇల్లు కదలని మనిషి అడిగితే కాదనలేకపోయాను. నాకు సెలవు దొరికింది 15 నుంచి 19 వరకు. సరిగ్గా అవే అయిదు రోజులు బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో నాలుగో టెస్టు. ఆ మాట చెబితే మామయ్య ముఖం వెలిగిపోయింది. "ఫోనులో వస్తుందిగా, దారిలో చూసుకుందాం" అన్నారు.

ఈ ఆస్ట్రేలియా పర్యటనను మా ఇంట్లో అందరికంటే శ్రద్ధగా అనుసరించింది ఆయనే. ఆ నోటుబుక్కులో అడిలైడ్ స్కోరు వరుసగా రాసి ఉంది: 4, 9, 2, 0, 4, 0, 8, 4, 0, 4, 1. మొత్తం 36. డిసెంబరు 19న మన జట్టు టెస్టు చరిత్రలోనే అతి తక్కువ స్కోరు. ఆ పేజీ చూస్తే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. దాని వెనుక పేజీలోనే మెల్‌బోర్న్: రహానే 112, ఎనిమిది వికెట్ల తేడాతో గెలుపు. ఆ తరువాత సిడ్నీ. మూడు రోజుల క్రితమే కదా, తొడ కండరం పట్టేసి నడవలేని హనుమ విహారి 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలబడ్డాడు. నడుము నొప్పితో వంగలేని అశ్విన్ 128 బంతులాడాడు. ఇద్దరూ కలిసి ఓడిపోయే మ్యాచ్‌ను డ్రాగా ముగించారు. కాకినాడలో పుట్టిన పిల్లవాడు సిడ్నీలో ఒంటికాలి మీద నిలబడ్డ ఆ సాయంత్రం మామయ్య భోజనం మానేసి కూర్చున్నారు.

ఇప్పుడు బ్రిస్బేన్‌కు ఆ ఇద్దరూ లేరు. బుమ్రా లేడు, జడేజా లేడు, షమీ, ఉమేశ్ ఎప్పుడో ఇంటికి వచ్చేశారు. కెప్టెన్ కోహ్లి అడిలైడ్ తరువాత బిడ్డ పుట్టే సమయానికి తిరిగి వచ్చాడు. రేపు బంతి పట్టుకునే అయిదుగురూ కలిపి ఇంతకుముందు ఆడినవి నాలుగు టెస్టులు. ఎదుటివైపు నలుగురు బౌలర్లకు కలిపి వెయ్యికి పైగా వికెట్లు. పైగా ఆ మైదానంలో ఆస్ట్రేలియా ఓడిపోయి ముప్పై రెండేళ్ళు దాటింది. 1988 నవంబరులో వెస్టిండీస్ ఓడించిందే చివరిసారి.

పడుకునే ముందు మామయ్య నోటుబుక్కులో ఒక పాత పేజీ తీసి చూపించారు. 1968 జనవరి, బ్రిస్బేన్. అప్పుడు ఆయన పదహారేళ్ళవాడు. హనుమకొండ గ్రంథాలయంలో పత్రిక ముందు పెట్టుకుని సిరా పెన్నుతో ఎత్తి రాసుకున్న స్కోరు. గాయాల వల్ల ఆటగాళ్ళు కరువై, పర్యటన మధ్యలో మన హైదరాబాద్ జయసింహను విమానంలో పిలిపించారు. దిగీ దిగగానే నేరుగా ఆ టెస్టు ఆడి 74, 101 కొట్టాడు. గెలవడానికి 395 కావాలి. మనవాళ్ళు 355 దాకా వెళ్ళి 39 పరుగుల తేడాతో ఓడిపోయారు. దాని కిందే 1977 బ్రిస్బేన్: లక్ష్యం 341, గావస్కర్ 113, మొత్తం 324. పదహారు పరుగుల ఓటమి.

"రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాం" అన్నారు మామయ్య పుస్తకం మూసేస్తూ.

జనవరి 15, శుక్రవారం. ఐనవోలు

తెల్లవారుజామున అయిదున్నరకు టీవీ ముందు కూర్చున్నాం. మొదటి ఓవర్లోనే సిరాజ్ బంతికి వార్నర్ స్లిప్‌లో దొరికిపోయాడు. కాసేపటికి శార్దూల్ ఠాకూర్ తన మొదటి బంతికే హారిస్‌ను పంపించాడు. శార్దూల్ అంటే మాకు ఒక గుర్తు ఉంది. 2018 అక్టోబరులో హైదరాబాద్ ఉప్పల్‌లో అతను తొలి టెస్టు ఆడాడు. పది బంతులు వేసి గజ్జల కండరం పట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళకు పైగా ఎదురుచూసి మళ్ళీ ఇదిగో, ఇక్కడ.

కనుమ పండుగ. పెద్ద ప్రయాణం రేపటికి ఉంచి, ఈరోజు దగ్గరలో ఉన్న ఐనవోలు మల్లన్న దగ్గరికి వెళ్ళాం. సంక్రాంతికి మొదలయ్యే జాతర ఉగాది దాకా సాగుతుంది. గుడి ముందు కాకతీయుల తోరణాలు నిలబడి ఉంటాయి. వరంగల్ కోటలో చూసేవాటి తోబుట్టువులే. వాటి కింద బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు, నుదుట పసుపు బండారు అద్దుకున్న పిల్లలు, డోళ్ళు మోగిస్తూ మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారులు. నేల మీద రంగు పొడులతో పట్నం వేస్తున్న ఒక పెద్దాయన చేతిని చూస్తూ మామయ్య చాలాసేపు నిలబడిపోయారు. గీత ఎక్కడా వణకలేదు. వేసిన పట్నాన్ని కొద్దిసేపటికే తొక్కేస్తారని తెలిసి కూడా అంత శ్రద్ధ.

జనం మాస్కులు పెట్టుకున్నారు కొందరు, మెడకు వేలాడదీసుకున్నారు కొందరు. ఆ గుంపులో ఫోనుకు సిగ్నల్ అందలేదు. తిరిగి ఇల్లు చేరేసరికి ఆట ముగిసింది. ఆస్ట్రేలియా 274కు అయిదు. లబుషేన్ 108. అతను 37 దగ్గర ఉన్నప్పుడు సైనీ బంతికి ఇచ్చిన క్యాచ్‌ను రహానే జారవిడిచాడట. ఆ తరువాత సైనీ గజ్జల నొప్పితో ఓవరు మధ్యలో వెళ్ళిపోయాడు. ఇంకొకరు తగ్గారన్నమాట. మామయ్య ఏమీ మాట్లాడకుండా స్కోరు రాసుకున్నారు.

తొలి టెస్టు ఆడుతున్న ఇద్దరి గురించీ చెప్పాలి. సేలం దగ్గరి చిన్నప్పంపట్టి నుంచి వచ్చిన నటరాజన్ ఈ పర్యటనకు వెళ్ళింది నెట్స్‌లో బంతులు వేయడానికి. నవంబరులో పుట్టిన కూతురిని ఇంకా చూడలేదు. వాషింగ్టన్ సుందర్‌ను కూడా పొట్టి ఆటలు అయ్యాక సాధనకు పనికొస్తాడని ఉంచుకున్నారు. స్మిత్ వికెట్ సుందర్‌కు దొరికింది, అతని జీవితంలో మొదటి టెస్టు వికెట్.

జనవరి 16, శనివారం. ములుగు, పాలంపేట

చీకటితోనే బయలుదేరాం. ఆత్మకూరు దాటాక పత్తి చేల మీద మంచు పల్చగా పరుచుకుని ఉంది. ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర అందరిలాగే ఆగి కొబ్బరికాయ కొట్టాం. మేడారం వెళ్ళేవాళ్ళు ముందు ఈ తల్లికి మొక్కి గాని ముందుకు పోరు. ములుగులో ఆసుపత్రి గేటుకు మామిడాకుల తోరణం కనిపించింది. ఈరోజే దేశమంతటా కరోనా టీకా మొదలైంది. ముందు వైద్య సిబ్బందికి. మామయ్య కారు అద్దం దించి ఆ తోరణానికి దండం పెట్టారు.

రామప్ప గుడికి చేరేసరికి ఎండ వచ్చింది. ఈ గుడి గురించి ఎంత చెప్పినా తక్కువే. 1213లో, గణపతిదేవుని కాలంలో, సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. కట్టించినవాడి పేరు కాకుండా చెక్కిన శిల్పి పేరుతో లోకం పిలుచుకునే గుడులు ఎన్ని ఉంటాయి? చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికల నల్లరాతి ఒంటి మీద వెలుతురు జారుతుంటే, ఎనిమిది వందల ఏళ్ళ నాటి నునుపు నిన్ననే పెట్టినట్టు ఉంటుంది. శిఖరం కట్టిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక.

నన్ను ఎప్పుడూ ఎక్కువగా ఆలోచింపజేసేది కంటికి కనిపించని భాగం. ఇంత బరువైన గుడి కింద ఇసుక నింపిన పునాది ఉంది. భూమి కదిలినప్పుడు ఆ కుదుపును ఇసుక తనలోకి తీసుకుని చెదరగొడుతుంది. మధ్యలో భూకంపాలు వచ్చాయి. కొన్ని స్తంభాలు పక్కకు ఒరిగాయి, నేల అక్కడక్కడ కుంగింది. గుడి మాత్రం నిలిచే ఉంది. మామయ్య ఒరిగిన స్తంభం మీద అరచేయి ఆనించి, "లోపల ఇసుక పనిచేస్తూనే ఉంది చూడు" అన్నారు.

చెరువు కట్ట మీద కూర్చుని ఆట చూశాం. ఆస్ట్రేలియా 369కి ముగిసింది. నటరాజన్, సుందర్, శార్దూల్ మూడేసి వికెట్లు పంచుకున్నారు. కొత్త కుర్రాళ్ళు ఇలా చేస్తారని ఎవరనుకున్నారు? రోహిత్ హాయిగా ఆడుతూ 44 దగ్గర లయన్ బంతిని గాలిలోకి లేపాడు. ఆ షాటు ఆ సమయంలో అక్కర్లేదు, ఎవరెంత సమర్థించినా నేను ఒప్పుకోను. టీ విరామానికి 62కు రెండు. ఆపైన అక్కడ వాన. ఇక ఆట లేదు. ఇక్కడ మాత్రం రామప్ప చెరువు మీద మబ్బు తునక లేదు.

రాత్రి అక్కడే బస.

జనవరి 17, ఆదివారం. కాళేశ్వరం

పొద్దున్నే గణపురం, చెల్పూరు మీదుగా భూపాలపల్లి. దూరం నుంచే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, రోడ్డు మీద బొగ్గు లారీల వరుస. సింగరేణి గనుల ఊరు కావడంతో పొద్దున్నే హోటళ్ళన్నీ కిటకిటలాడుతున్నాయి. అక్కడ టీ తాగుతుండగా పుజారా 25కు, కాసేపటికి రహానే 37కు వెళ్ళిపోయారు. లంచ్‌కు 161కి నాలుగు. కాటారం దగ్గరికి వచ్చేసరికి మయాంక్ పోయాడు, పంత్ పోయాడు. 186కు ఆరు. ఇంకా 183 వెనుకబడి ఉన్నాం.

అక్కడి నుంచి అడవి. టేకు చెట్లు రోడ్డుకు రెండు వైపులా ఎండుటాకులు రాల్చుకుంటూ నిలబడ్డాయి. ఫోనులో సిగ్నల్ పోయింది. మామయ్య ఫోనును ముందు అద్దానికి ఆనించి, ఆగిపోయిన బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. తెర మీద శార్దూల్ బ్యాటు పట్టుకుని నడిచి వస్తూ ఆగిపోయి ఉన్నాడు. మహదేవపూర్‌లో దసలి పట్టు నేసే ఇళ్ళ ముందు నూలు ఆరవేసి ఉంది. ఆగి చూద్దామంటే ఆయన వినలేదు. "పొద్దెక్కక ముందే నదిలో దిగాలి" అన్నారు. కారణం అదొక్కటే కాదని నాకు తెలుసు. అక్కడైతే సిగ్నల్ ఉంటుంది.

కాళేశ్వరంలో కారు దిగగానే ఫోను ఒక్కసారిగా మేల్కొంది. టీ విరామం. 253కు ఆరు. ఒక్క వికెట్ కూడా పడలేదు! మామయ్య రెండు చేతులతో నా భుజాలు పట్టుకున్నారు. శార్దూల్ తన ఖాతా తెరిచిందే కమిన్స్ బంతిని సిక్సరు కొట్టి అని తరువాత తెలిసింది. సుందర్ తొలి టెస్టులో తొలిసారి బ్యాటు పట్టి, పదేళ్ళుగా ఆడుతున్నవాడిలా నిలబడ్డాడు.

నది దగ్గర కాసేపు ఆట పక్కకు జరిగింది. ఇక్కడ ఉత్తరం నుంచి ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, సిరోంచ. కింద మేడిగడ్డ బ్యారేజీ ఉండటంతో జనవరిలో కూడా నీళ్ళు నిండుగా ఉన్నాయి. మామయ్య పంచె కట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. పురోహితుడు గోత్రం అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, తాత పేరు అడిగాడు. నువ్వులూ నీళ్ళూ ఆ ముసలి చేతి వేళ్ళ మధ్య నుంచి మూడుసార్లు జారాయి.

ఒడ్డుకు వచ్చి తువ్వాలుతో తల తుడుచుకుంటూ, నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని విషయం చెప్పారు. 1979 వానాకాలంలో మా తాతయ్య పోయినప్పుడు మామయ్య గూడ్సు బండి గార్డుగా బల్లార్షా వైపు వెళ్ళి ఉన్నారు. కంట్రోలు ఫోనులో కబురు అందింది. బండి అప్పగించడానికి మనిషి లేడు. బండిని గమ్యం చేర్చి, తిరుగు రైలెక్కి ఇల్లు చేరేసరికి ఒక రోజు దాటింది. తమ్ముళ్ళే నిప్పు పెట్టేశారు. "నేను చేరేసరికి బూడిద కూడా చల్లారిపోయింది అల్లుడా" అన్నారు. ఆ మాట తరువాత చాలాసేపు నదినే చూశారు.

తరువాత ఆయనే అన్నారు: "ఆ సిరాజ్ పిల్లవాడికీ ఇలాగే అయింది కదా."

అవును. నవంబరు 20న హైదరాబాద్‌లో సిరాజ్ తండ్రి మహమ్మద్ గౌస్ కన్నుమూశారు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ను చేసిన తండ్రి. కొడుకు అప్పుడు సిడ్నీలో క్వారంటైన్‌లో ఉన్నాడు. కావాలంటే తిరిగి వెళ్ళవచ్చని బోర్డు చెప్పింది. నాన్న కల నెరవేర్చమని తల్లి ధైర్యం చెబితే, ఉండిపోయాడు. తరువాత నెలకు మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు. సిడ్నీలో జాతీయగీతం పాడుతుంటే చెంపల మీద కన్నీళ్ళు ధారగా కారడం అందరం చూశాం. అదే మైదానంలో గ్యాలరీ నుంచి కొందరు నోటికొచ్చినట్టు తిడితే, అతను అంపైర్ల దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ఆట ఆపి, ఆ మనుషులను బయటికి పంపారు. తిట్లు దిగమింగి ఊరుకోకుండా నిలదీసి చెప్పినందుకు అతనంటే నాకు ఎంతో గౌరవం.

గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడూ ముక్తేశ్వరుడూ. యముడికి ఒకటి, శివుడికి ఒకటి. ముక్తేశ్వర లింగానికి ఉన్న రంధ్రాల్లో పోసిన నీరు లోలోపలే వెళ్ళి సంగమంలో కలుస్తుందని నమ్మకం. మామయ్య రెండు చెంబులు పోశారు. ఒకటి తాతయ్య పేరున. రెండోదానికి పేరు చెప్పలేదు. నేను అడగలేదు.

బయటికి వచ్చేసరికి శార్దూల్ 67, సుందర్ 62 చేసి వెళ్ళారు. ఇద్దరి మధ్య 123. మన జట్టు 336. తేడా 33 మాత్రమే. సత్రం అరుగు మీద మామయ్య నోటుబుక్కు తెరిచి ఆ రెండు పేర్ల కింద గీత గీశారు. ఆ పుస్తకంలో జయసింహ పేరు కింద ఉన్నదీ అలాంటి గీతే.

జనవరి 18, సోమవారం. మంథని, గోదావరిఖని

మానేరు వంతెన దాటి మంథని. వేదం చదివిన ఇళ్ళు ఉన్న ఊరు, పి.వి. నరసింహారావు 1957 నుంచి ఇరవై ఏళ్ళు శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన ఊరు. ఆయన శతజయంతి సంవత్సరం కావడంతో కూడలిలో ఫ్లెక్సీలు ఉన్నాయి. ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తింటుండగా సిరాజ్ ఒకే ఓవర్లో లబుషేన్‌నూ వేడ్‌నూ పంపించాడు. మామయ్య చట్నీ గిన్నె దొర్లించేశారు. హోటలు యజమాని నవ్వి ఇంకో గిన్నె తెచ్చాడు.

గోదావరిఖనిలో మా బంధువుల ఇంటికి వెళ్ళకముందే ఆటో స్టాండు పక్కన ఆగిపోయాం. రాత్రి షిఫ్టు ముగించుకున్న గని కార్మికులు ఇద్దరు, కళ్ళ అంచుల్లో ఇంకా బొగ్గు నలుపు, ఒక ఆటో డ్రైవర్ ఫోను చుట్టూ చేరి ఉన్నారు. మేమూ చేరాం. స్మిత్ 55 దగ్గర సిరాజ్ బంతి లేచి అతని గ్లవ్ తాకి రహానే చేతుల్లో పడింది. తరువాత స్టార్క్. చివరికి హేజిల్‌వుడ్. అయిదు వికెట్లు, 73 పరుగులకు. శార్దూల్‌కు నాలుగు.

ఆటో డ్రైవర్ అరవలేదు, ఎగరలేదు. ఫోను సీటు మీద పెట్టి, "మా ఆటోవాలా కొడుకు సార్" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. తెర మీద సిరాజ్ బంతి ఎత్తి చూపిస్తూ వస్తున్నాడు. గాయంతో ఆడలేకపోయిన బుమ్రా బౌండరీ గీత దగ్గర నిలబడి అతన్ని గట్టిగా హత్తుకున్నాడు. అతని స్థానంలోనే కదా ఈ బౌలింగ్ భారం సిరాజ్ మోసింది. మూడో టెస్టు ఆడుతున్నవాడు ఈ జట్టులో సీనియర్ బౌలర్!

ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్ 294. మామయ్య ఆ అంకె విని ఒక్క క్షణం ఆగి, నోటుబుక్కులో వెనక్కి తిప్పారు. 1968 బ్రిస్బేన్. ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్: 294. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గెలవడానికి ఈసారి 328. వాన వల్ల ఆట ముందే ఆగింది. మనది వికెట్ పోకుండా 4.

ఆ మధ్యాహ్నం పెద్దపల్లి మీదుగా కరీంనగర్ వచ్చేశాం. రాత్రి మామయ్య కూతురి ఇంట్లో. ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

జనవరి 19, మంగళవారం. కరీంనగర్ నుంచి హుజూరాబాద్

అడిలైడ్‌లో 36కు కుప్పకూలి సరిగ్గా నెల.

రోహిత్ 7 పరుగులకే వెళ్ళాడు. ఇరవై ఒక్క ఏళ్ళ శుభ్‌మన్ గిల్ భయం అంటే తెలియనట్టు ఆడాడు. స్టార్క్ ఒక ఓవర్లో ఇరవై పరుగులు ఇచ్చాడు. ఇంకో వైపు పుజారా. అతని గురించి నాకు ఆగి రాయాలని ఉంది. కమిన్స్, హేజిల్‌వుడ్ బంతిని నేలకు గుద్ది ఒంటి మీదికి లేపుతున్నారు. హెల్మెట్‌కు తగిలింది, పక్కటెముకలకు తగిలింది, భుజానికి తగిలింది. ఒకసారి వేళ్ళకు తగిలి బ్యాటు వదిలేసి నేల మీద పడిపోయాడు. మామయ్య కూతురు వంటింట్లోంచి వచ్చి చూడలేక మళ్ళీ వెళ్ళిపోయింది. ప్రతిసారీ అతను లేచి, గ్లవ్ తొడుక్కుని, మళ్ళీ అదే చోట నిలబడ్డాడు. యాభై పరుగులకు 196 బంతులు పట్టింది. దీన్ని నెమ్మది ఆట అని తీసిపారేసేవాళ్ళు కొందరు ఉంటారు. బ్యాటుతో ఆడితే చేతికి క్యాచ్ వెళ్ళే బంతిని అతను ఒంటితో ఆపుతున్నాడు. బౌలర్లు అలసిపోయేదాకా, బంతి పాతబడేదాకా, వెనుక వచ్చేవాడికి దారి పడేదాకా. రామప్ప పునాదిలోని ఇసుక నాకు కళ్ళ ముందు మెదిలింది.

గిల్ 91. తొమ్మిది పరుగులు తక్కువ. రహానే వేగంగా 24. టీ విరామానికి 183కు మూడు. ముప్పై ఏడు ఓవర్లు, 145 పరుగులు.

అప్పుడు మామయ్య లేచి సంచి భుజాన వేసుకున్నారు. "పద, దారిలో ఉందాం. నేను కూర్చుని చూడలేను" అన్నారు. కూతురు బతిమాలినా వినలేదు. మానకొండూరు దాటాం, శంకరపట్నం దాటాం. నేను బండి నడుపుతుంటే ఆయన ఫోను వంక చూడకుండా చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. కొత్త బంతి తీసుకోగానే పుజారా పోయాడు. 211 బంతులు, 56 పరుగులు. 228కి నాలుగు. "గుమ్మం దాకా వచ్చాం" అని గొణిగారు. మయాంక్ 9కి వెళ్ళాడు. 265కు అయిదు.

హుజూరాబాద్‌లో రోడ్డు పక్క టీ హోటల్ ముందు యాభై మంది దాకా నిలబడి ఉన్నారు. కారు ఆపక తప్పలేదు. లోపల గోడకు చిన్న టీవీ. పంత్ ఆడుతున్నాడు. డ్రా చేసుకుందామన్న ఆలోచన ఈ కుర్రాడి తలలో ఏ మూలా లేదని ప్రతి బంతికీ తెలుస్తోంది. సుందర్ వచ్చి కమిన్స్ బంతిని వెనక్కి తిప్పి సిక్సరు కొట్టినప్పుడు హోటల్ రేకుల కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. మామయ్య మాత్రం కారులోనే కూర్చున్నారు, నోటుబుక్కు ఒడిలో పెట్టుకుని. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి స్కోరు చెప్పడం, మళ్ళీ లోపలికి వెళ్ళడం. ఇరవై నాలుగు కావాలి. పదిహేను కావాలి.

పది దగ్గర సుందర్ పోయాడు. 318కి ఆరు. అప్పుడు మామయ్య కారు దిగి వచ్చారు. జనం ఆ పెద్దాయనకు దారి ఇచ్చి ముందుకు పంపారు. శార్దూల్ కూడా పోయాడు, 325కు ఏడు. మూడు పరుగులు. అవతల కొసన గజ్జల నొప్పితో కుంటుతున్న సైనీ.

హేజిల్‌వుడ్ బంతి. పంత్ ముందుకు వంగి నేరుగా కొట్టాడు. బంతి ఫీల్డర్‌ను దాటి గడ్డి మీద దొర్లుతోంది. పంత్ పరుగెడుతున్నాడు, కుంటుతూనే సైనీ పరుగెడుతున్నాడు, బంతి ఇంకా దొర్లుతోంది, తాడు తాకింది.

ఆ తరువాత హోటల్లో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎవరో నన్ను ఎత్తుకున్నారు. ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు డ్రైవర్ హారన్ మీద నుంచి చేయి తీయలేదు. టీ కాచే అతను డబ్బులు తీసుకోనని అందరికీ గ్లాసులు పంచాడు. మామయ్య టీవీ ముందు కదలకుండా నిలబడి ఉన్నారు. తెర మీద జట్టు జెండా పట్టుకుని మైదానం చుట్టూ తిరిగింది. నూరో టెస్టు ఆడిన లయన్‌కు రహానే మనవాళ్ళందరూ సంతకాలు చేసిన జెర్సీ ఇచ్చాడు. ట్రోఫీని అందుకుని తీసుకెళ్ళి కొత్తవాడైన నటరాజన్ చేతిలో పెట్టాడు. 2-1. పంత్ 89, అజేయంగా.

ఎల్కతుర్తి దాటేవరకు ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు మామయ్య పెన్ను అడిగి, కదులుతున్న కారులోనే రాశారు. అక్షరాలు కొంచెం వంకరపోయాయి. 329కి ఏడు. మూడు వికెట్ల తేడాతో గెలుపు. ఆ అంకె రాశాక 1968 పేజీకి తిప్పి, 355 పక్కన చిన్న చుక్క పెట్టారు.

జనవరి 21, గురువారం. హనుమకొండ

ప్రయాణం ముగిసి రెండు రోజులైంది. బట్టలు ఉతికి ఆరేశాం, సకినాల డబ్బా ఖాళీ అయింది. మధ్యాహ్నం మామయ్య ఫోను చేశారు. టీవీలో వార్తలు చూస్తున్నారట. ఈ ఉదయం సిరాజ్ శంషాబాద్‌లో విమానం దిగాడు. ఇంటికి వెళ్ళకుండా, విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళాడు. రెండు నెలలు దాటింది ఆయన పోయి.

"పూలు పెట్టి, పక్కన కూర్చున్నాడు అల్లుడా" అన్నారు మామయ్య. కాసేపు ఆగి, "ఒక్కడే కూర్చున్నాడు" అన్నారు.